కిలిమంజారోకి ఐదు రోజులు చాలవు, టీచర్ గారూ

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 46 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మా అమ్మాయికి 23, బెంగళూరులో ఉద్యోగం. వచ్చే దసరా సెలవుల్లో ఇద్దరం కలిసి కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నాం. నేను రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తాను. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, అదుపులోనే ఉంది. అమ్మాయి జిమ్‌కి వెళ్తుంది, పరుగు పందేల్లో కూడా పాల్గొంటుంది. ఒక ఏజెన్సీ మరంగు దారిలో ఐదు రోజుల ప్యాకేజీని మిగతావాళ్లకంటే బాగా తక్కువకి ఇస్తామంటోంది. టెంట్లు కాకుండా గదుల్లో పడుకోవచ్చట. మేం శాకాహారులం. నెలసరి, టాయిలెట్ల సంగతి తలుచుకుంటే కొంచెం బెరుగ్గా ఉంది. మా వారికి, మా అమ్మకి ఒకటే టెన్షన్. ఈ వయసులో నేను ఎక్కగలనా? ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా?

సమాధానం: టీచర్ గారూ, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. మొదటిదానికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. ఆ ప్యాకేజీ తీసుకోవద్దు. ధర ఇంకా తగ్గిస్తామన్నా తీసుకోవద్దు. ఏడెనిమిది రోజులు చేతిలో పెట్టుకుని వెళ్తే, మీ డాక్టరు కూడా సరేనంటే, మీ వయసు ఈ కొండకి అడ్డం కాదు.

కిలిమంజారో మీద మామూలు దారుల్లో తాళ్లు, మంచు గొడ్డళ్లు అక్కర్లేదు. నడకే. అందుకే చాలామంది ఒంట్లో ఓపికుంటే చాలనుకుంటారు. ఇక్కడ పరీక్ష కాళ్లకంటే ఊపిరికి ఎక్కువ. ఆ కొండ కొన, అంటే ఉహురు శిఖరం, ఎత్తు 5,895 మీటర్లు. మీ కాకినాడ బీచ్‌లో ఉండే గాలి పీడనంలో అక్కడ ఉండేది ఇంచుమించు సగం. అంటే ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ కూడా సగమే. శరీరం దీనికి సర్దుకోగలదు, కానీ టైమ్ తీసుకుంటుంది. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం కాస్త క్షారగుణం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ని బయటికి పంపాలి. అది గంటల్లో తెమిలే పని కాదు, రోజులు పడుతుంది. మీరు సైన్స్ చెప్తారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. జిమ్‌కి వెళ్లేవాళ్ల కిడ్నీలు వెళ్లనివాళ్ల కిడ్నీలకంటే ఈ పని త్వరగా ఏమీ చేయవు.

ఇప్పుడు మీ ఏజెన్సీ చెప్పిన ఐదు రోజుల లెక్క చూడండి. మరంగు గేటు సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రాత్రి మందారా హట్స్, 2,720 మీటర్లు. రెండో రాత్రి హొరోంబో, 3,720. మూడో రోజు సాయంత్రానికి కిబో హట్, 4,720. మందారా దాటాక రోజుకి సరిగ్గా వెయ్యి మీటర్లు. కిబోలో రాత్రంతా పడుకోవడం కూడా ఉండదు, అర్ధరాత్రి లేపి శిఖరానికి నడిపిస్తారు. గేటు దగ్గర మొదలుపెట్టిన నాలుగో రోజు తెల్లారేసరికి 5,895 మీటర్ల దగ్గర ఉండాలన్నమాట. ఎత్తైన చోట్ల వైద్యం చేసే డాక్టర్లు సాధారణంగా చెప్పే పద్ధతి వేరు: మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికంటే మర్నాటి రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. నిజానికి కిలిమంజారో దారుల్లో ఏదీ ఈ సూత్రాన్ని పూర్తిగా పాటించదు. కానీ ఐదు రోజుల మరంగు దానికి ఆమడ దూరంలో ఉంది.

గదులన్న మాట నిజమే. పడుకోవడానికి హట్స్ ఉన్నది మరంగు దారిలోనే. చెక్క మంచాలు, కింద పరుపు, ఒకే గదిలో నలుగురైదుగురు, కిబోలో అయితే ఇంకా ఎక్కువమంది. టెంట్ అంటే అస్సలు పడకపోతే మరంగుకే వెళ్లండి, కానీ ఆరు రోజులకి తగ్గకూడదు. ఆ అదనపు రోజున హొరోంబోలోనే ఉండి, చారల రాళ్ల దాకా, అంటే నాలుగు వేల మీటర్ల దాకా, ఎక్కి మళ్లీ కిందికొచ్చి పడుకుంటారు. ఆ ఒక్క రోజూ చాలా తేడా తెస్తుంది.

నన్నడిగితే మాత్రం మీకు ఏడు రోజుల మచామే, లేదా సెలవు దొరికితే ఎనిమిది రోజుల లెమోషో. ఈ రెండు దారుల్లోనూ ఒక మంచి రోజుంది. షిరా క్యాంపులో, సుమారు 3,850 మీటర్ల దగ్గర, నిద్రలేస్తారు. మధ్యాహ్నానికి లావా టవర్ అనే పెద్ద రాతి గుట్ట దగ్గరికి, 4,630 మీటర్ల దాకా, ఎక్కుతారు. అక్కడే భోజనం. తల దిమ్ముగా ఉంటుంది, అన్నం సయించదు. తర్వాత దిగి బరాంకో క్యాంపులో, 3,976 మీటర్ల దగ్గర, పడుకుంటారు. పగలు శరీరానికి ఎత్తు చూపించి, రాత్రి కిందికి తెచ్చి నిద్రపుచ్చడం ఇది. మర్నాడు కరాంగా, 3,995 మీటర్లు. దాదాపు అదే ఎత్తులో ఇంకో రాత్రి. ఆరు రోజుల మచామేలో కోసేసేది ఈ కరాంగా రాత్రినే. ప్యాకేజీ కాగితంలో కరాంగా దగ్గర నిద్ర ఉందో లేదో చూడండి, లేకపోతే అడిగి పెట్టించుకోండి. ఆ తర్వాత బరఫు, 4,673 మీటర్లు. శిఖరానికి బయల్దేరేది అక్కడినుంచే.

బరాంకో నుంచి బయల్దేరగానే ఒక రాతి గోడ ఎదురుగా నిలబడుతుంది. రాత్రి దాన్ని చూసి భయపడి నిద్రపోనివాళ్లుంటారు. తాడు అక్కర్లేదు, చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు కొన్నుంటాయి, గైడ్ ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తాడు. గంటన్నర రెండు గంటల పని. ఆ క్యాంపు చుట్టూ మనిషికి రెట్టింపు ఎత్తులో సెనేసియో చెట్లుంటాయి, కిలిమంజారోకే ప్రత్యేకమైనవి. ఎండిన ఆకుల్ని రాల్చకుండా కాండం చుట్టూ అలాగే చుట్టుకుని ఉంచుకుంటాయి, రాత్రి చలి లోపలికి పోకుండా. పిల్లలకి చూపించడానికి ఫొటో తీసుకోండి.

మీ ఉత్తరం నిండా మీ గురించే బెంగ పడ్డారు. నాకు మీ అమ్మాయి గురించి కూడా అంతే ఆలోచనగా ఉంది. ఎత్తువల్ల వచ్చే జబ్బు వయసుని చూసి రాదు, ఫిట్‌నెస్‌ని చూసి ఆగదు. బాగా పరిగెత్తగలిగినవాళ్లు మొదటి రెండు రోజులు అందరికంటే ముందు క్యాంపుకి చేరతారు, మూడో రోజు తలపోటుతో పడుకుంటారు. ‘పోలే పోలే’ అని అక్కడి గైడ్లు స్వాహిలిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంటూనే ఉంటారు. మెల్లగా, మెల్లగా అని. ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగం. గైడ్ వెనకాల మిమ్మల్నీ, మీ వెనకాల అమ్మాయినీ నడవమనండి. మీ వేగమే ఇద్దరికీ మంచిది.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, వీటిలో కొంతైనా నాలుగు వేల మీటర్ల పైన చాలామందికి వస్తుంది. తేలికగా ఉంటే అక్కడే ఆగి, నీళ్లు తాగి, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. తగ్గేదాకా పైకి అడుగు వేయకూడదు. ఎక్కువవుతుంటే కిందికి. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలోచించే పనే లేదు. తిన్నగా గీత మీద అడుగు వెనక అడుగు వేయలేక తూలడం, మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియనట్టు ప్రవర్తించడం మెదడులో వాపుకి గుర్తు. కూర్చున్నా తగ్గని ఆయాసం, విడవని దగ్గు, నురగ కళ్లె ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని చెప్తాయి. ఈ రెండూ ప్రాణం తీస్తాయి. అర్ధరాత్రయినా, వర్షం పడుతున్నా దించేయాలి. దానికి ఆ కొండ మీద ఒంటి చక్రం స్ట్రెచర్లు ఉంటాయి. సిలిండర్ ఆక్సిజన్ దిగేలోపు సాయం, దిగడానికి బదులు కాదు.

సాయంత్రాలు గైడ్ వచ్చి వేలికి ఆక్సిమీటర్ పెడతాడు. చేతులు చల్లగా ఉంటే అది తప్పు అంకె చూపిస్తుంది. ముందు చేతులు రెండూ రుద్దుకుని, టీ గ్లాసు పట్టుకుని వెచ్చబడ్డాక పెట్టించుకోండి. పైన క్యాంపుల్లో 80లలో అంకె కనిపిస్తే ఇంటి దగ్గర కోవిడ్ రోజుల లెక్క గుర్తొచ్చి గాబరా పడకండి. ఆ ఎత్తులో అది మామూలే. అంకెతో పాటు మనిషి ఎలా ఉన్నారో చూడాలి.

ఎత్తువల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్‌ని అడగండి. అది జబ్బుని దాచేస్తుందని కొందరు చెప్తారు, అది నిజం కాదు. పైన చెప్పిన కిడ్నీల పనినే ఆ మాత్ర తొందరపెడుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు, మీకు ఎంతో డాక్టరే చెప్పాలి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. ముందే తెలిస్తే కంగారుండదు. ఇంటి దగ్గర ఓ రెండు రోజులు వేసుకుని చూసి, పడుతుందని తేల్చుకుని వెళ్లండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

ఇక మీ బీపీ. అదుపులో ఉన్న బీపీతో ఎంతోమంది ఎక్కారు. అయితే ఎత్తుకి వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ కొంత పెరుగుతుంది. మీ మాత్ర పేరు చూపించి డాక్టర్‌ని అడగండి. గుండె వేగాన్ని తగ్గించే రకమైతే ఎక్కేటప్పుడు ఇబ్బంది పెట్టవచ్చు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే రకమైతే దానికి డయామాక్స్ తోడై ఒంట్లో నీళ్లు తగ్గిపోవచ్చు. మార్చాల్సి ఉంటే ప్రయాణానికి నెలల ముందు మార్చి, కొత్త మందు మీద బీపీ కుదురుకున్నాకే వెళ్లాలి. ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఇంకొకటి మీరు అడగలేదు, కానీ నా దృష్టిలో మీ ఇద్దరికీ ఇదే మొదటి పరీక్ష: హిమోగ్లోబిన్. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండటం ఎంత మామూలో మీకు బళ్లో ఆడపిల్లల్ని చూస్తేనే తెలుస్తుంది. కింద 9 ఉన్నా ఇంటిపని, బడిపని నెట్టుకొస్తాం. పైన ఆక్సిజనే సగం ఉన్నప్పుడు దాన్ని మోసేది కూడా తక్కువైతే శరీరం దేనితో నడుస్తుంది? ఈ వారమే ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి. తక్కువుంటే ఐరన్ మాత్రలతో పెరగడానికి నెలలు పడుతుంది. మీ వయసులో నెలసరి ఎక్కువగా అవుతుంటే దాని కారణం కూడా డాక్టర్ చేత చూపించుకోండి.

నెలసరి సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఎత్తులో, అలసటలో తేదీలు అటూ ఇటూ అవుతాయి, లెక్క ప్రకారం రాకపోయినా ప్యాడ్లు పట్టుకెళ్లండి. వాడినవి కొండ మీద పారేయకుండా జిప్ కవర్లో పెట్టి కిందికి తేవాలి. నెలసరి వాయిదా వేసే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, వాటిలో కొన్నింటితో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. టాయిలెట్ కోసం, మీ ఇద్దరికీ విడిగా ఒక చిన్న టాయిలెట్ టెంట్ ఇమ్మని ఏజెన్సీని అడగండి. కొద్దిగా అదనంగా తీసుకుంటారు. ప్రతి రూపాయికీ విలువ దక్కే ఖర్చు అది. క్యాంపుల్లో ఉండే పార్క్ మరుగుదొడ్లు చాలాచోట్ల శుభ్రంగా ఉండవు. రాత్రుళ్లు డయామాక్స్ పుణ్యాన రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, సున్నా దిగువ చలిలో. ఆడవాళ్ల కోసం దొరికే గరాటు, వెడల్పు మూతి సీసా ఒకటి టెంట్లో ఉంచుకోండి. లేవాలన్న భయంతో నీళ్లు తాగడం మానేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పని. రోజుకి మూడు లీటర్లయినా లోపలికి పోవాలి.

రోజూ నడిచే ఐదు కిలోమీటర్లు మంచిదే, కానీ కాకినాడ చదునైన ఊరు. మీ కాళ్లకి ఎక్కడం, దిగడం రెండూ అలవాటు కావాలి. బడి మెట్లో, అపార్ట్‌మెంట్ మెట్లో, వీపున ఐదారు కిలోల బ్యాగుతో వారానికి మూడు రోజులు. సెలవు రోజు అన్నవరం మెట్లు. కుదిరినప్పుడు అలిపిరి దారిలో తిరుమల, 3,550 మెట్లు. అక్కడ అందరం ఎక్కి బస్సులో దిగిపోతాం. మీరు మాత్రం మెట్లమీదే దిగండి. శిఖరం ఎక్కిన రోజే మ్వెకా క్యాంపు దాకా, అంటే 3,100 మీటర్ల దాకా దిగాలి. ఒక్క రోజులో దాదాపు 2,800 మీటర్ల దిగుడు. మోకాళ్లు మొరాయించేది అప్పుడే. చేతికర్రలు రెండూ ఉండాలి, వాటితో దిగడం ముందే నేర్చుకోవాలి. బూట్లు ఇప్పుడే కొని వాటితోనే ఈ ప్రాక్టీస్ అంతా చేయండి.

ఎత్తు సంగతి మాత్రం మన దగ్గర తేలదు. ఆంధ్రలో అన్నిటికంటే ఎత్తైన కొండలే 1,700 మీటర్లు దాటవు. తెలంగాణ పర్వతారోహకురాలు మాలావత్ పూర్ణ భువనగిరి రాళ్ల మీద ఎక్కడం నేర్చుకున్నా, 2014లో ఎవరెస్టుకి ముందు ఆమెను డార్జిలింగ్‌కీ లడఖ్‌కీ తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాతే 2016లో ఆమె కిలిమంజారో ఎక్కింది. మీకు వేసవి సెలవులున్నాయి. మే నెలలో హిమాచల్‌లో సర్ పాస్ లాంటి నాలుగు వేల మీటర్లు దాటే ట్రెక్ ఒకటి ఇద్దరూ చేయండి. టెంట్ నిద్ర, చలి, తలనొప్పి, మీ ఇద్దరి మధ్య చిరాకులు, అన్నీ తక్కువ ఖర్చుతో బయటపడతాయి. అక్కడ నచ్చకపోతే టాంజానియా టికెట్ కొనకుండానే ఆగిపోవచ్చు. సర్ పాస్ బాగా చేసినంత మాత్రాన కిలిమంజారోలో ఏమీ కాదని కాదు, కానీ మీ శరీరం ఎత్తులో ఎలా మాట్లాడుతుందో మీకు తెలుస్తుంది.

డబ్బు విషయానికి వద్దాం. గైడ్ లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. పార్కుకి కట్టే ఫీజులే, పన్నుతో కలిపి, ఏడు రోజులకి మనిషికి 900 డాలర్లు దాటతాయి. దీన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. మీ ఇద్దరి కోసం ఒక ముఖ్య గైడ్, ఇంకో సహాయ గైడ్, వంటమనిషి, ఐదారుగురు పైగా పోర్టర్లు నడుస్తారు. తిండి, టెంట్లు, బండి ఖర్చు ఉంటాయి. మరి ‘బాగా తక్కువ’ ఎక్కడినుంచి వస్తుంది? రోజులు తగ్గించడం ఒక దారి. పోర్టర్ల కూలి, వాళ్ల కూడు తగ్గించడం ఇంకో దారి. మచామే గేటు దగ్గర తక్కెడ ఉంటుంది, ఒక్కో పోర్టర్ మూటా వేలాడదీసి తూస్తారు, 20 కిలోలు దాటకూడదు. గేటు దాటాక మూటలు కలిపేసి కొందర్ని వెనక్కి పంపేసే కంపెనీలూ ఉన్నాయి. పొద్దున్న మీకంటే వెనక బయల్దేరి, మీ టెంట్ తలమీద పెట్టుకుని మిమ్మల్ని దాటిపోయి, మీరొచ్చేసరికి వేడి నీళ్లు పెట్టి ఉంచేది వాళ్లే. పూటకి తిన్నారో లేదో తెలియని మనుషుల భుజాల మీద మన సెలవు గడపకూడదు.

కొండ కింది ఊరు మోషీలో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఉంది. పోర్టర్లకి సరైన కూలి, మూడు పూటలా తిండి, బరువు పరిమితి పాటించే కంపెనీల జాబితా పెడుతుంది. పోర్టర్లకి చలిబట్టలు ఉచితంగా అరువిస్తుంది కూడా. మీరు ఎంచుకునే కంపెనీ ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. మన ఊరి ఏజెన్సీ ద్వారా వెళ్తే, అక్కడ నిజంగా నడిపించే కంపెనీ ఏదో పేరు రాయించుకోండి. పేరు చెప్పడానికి నసిగితే వదిలేయండి. టిప్పు ప్యాకేజీలో ఉండదు, కానీ అక్కడ అది జీతంలో భాగంలాంటిది. ఒక్కొక్కరికి 200 నుంచి 300 డాలర్లు, చిన్న నోట్లుగా, కొత్తవి, చినగనివి పట్టుకెళ్లండి. చివరి రోజు అందరి ఎదుటా ఎవరికెంతో చెప్పి ఇవ్వండి.

ఇన్సూరెన్స్‌లో ఒక మాట వెతకండి: ఆరు వేల మీటర్ల దాకా ట్రెక్కింగ్ వర్తిస్తుందని. మామూలు విదేశీ ప్రయాణ పాలసీల్లో చాలావరకు ఇది ఉండదు.

తిండి గురించి బెంగ అక్కర్లేదు. శాకాహారమని ముందే రాసి చెప్తే గంజి, సూపు, చపాతీ, బీన్స్, బంగాళాదుంప, కూరగాయలు పెడతారు. అన్నం మాత్రం పైకెళ్లేకొద్దీ పలుకుగా ఉంటుంది, ఎందుకో మీకు తెలుసు: బరఫు దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. నాలుగో రోజు నుంచి ఏదీ సయించదు. అప్పుడు కందిపొడి, ఉసిరికాయ పచ్చడి, నిమ్మకాయ ఉప్పు పనికొస్తాయి. జేబులో పల్లీపట్టీ, ఖర్జూరాలు ఉంచుకోండి. వీటిని ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో కట్టకండి, 2019 నుంచి టాంజానియాలో అవి నిషేధం. గుడ్డ సంచులు వాడండి.

శిఖరం రాత్రి గురించి కొంచెం వివరంగా తెలుసుకుని వెళ్లండి. పదకొండింటికి లేపుతారు, టీ బిస్కెట్లు ఇచ్చి అర్ధరాత్రికి బయల్దేరదీస్తారు. పగలు జారిపోయే మెత్తటి రాతిపొడి చలికి గడ్డకట్టి గట్టిగా ఉంటుంది, ఎక్కడం సులువు. తెల్లారాక ఎక్కువ టైమ్ ఉంటుంది కాబట్టి దిగడానికీ మంచిది. గాలి వీస్తే మైనస్ 15, మైనస్ 20 లాగా తగులుతుంది. ఒంటిమీద నాలుగైదు పొరలు, రెండు జతల గ్లవ్స్, మంకీ క్యాప్. నీళ్ల ట్యూబులు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. వెడల్పు మూతి సీసాలో వేడినీళ్లు పోసి, మేజోడులో దూర్చి, తలకిందులుగా బ్యాగులో పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి అడుగు భాగం గడ్డకట్టినా మూత తెరుచుకుంటుంది. ఫోను, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఆరేడు గంటలు ముందున్నవాళ్ల మడమల మీద పడే వెలుగు తప్ప ఏమీ కనిపించదు. స్టెల్లా పాయింట్ అనే అంచు 5,756 మీటర్ల దగ్గర వస్తుంది. అక్కడినుంచి ఉహురుకి ఇంకో గంట లోపే, పెద్ద ఎక్కుడు ఉండదు. పక్కన కనిపించే హిమానీనదాల్ని నిలబడి చూడండి. 1912లో ఉన్న మంచులో 80 శాతానికి పైగా ఇప్పటికే పోయింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట, మీ తల్లీకూతుళ్లు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది. ఒకరు దిగిపోవాల్సి వస్తే రెండోవాళ్లు ఏం చేయాలి? ఇద్దరు గైడ్లు ఉండాలన్నది అందుకే. ఒక గైడ్ దిగేవాళ్లతో వస్తాడు, ఇంకో గైడ్‌తో రెండోవాళ్లు ఎక్కుతారు. ఆ రాత్రి, ఆ చలిలో ఈ నిర్ణయం తీసుకోవడం కష్టం. ముందే అనుకుని, ముఖ్య గైడ్‌కి కూడా చెప్పి పెట్టండి. దించాలా వద్దా అన్నది ఆయన మాటే చివరిది, దాని మీద వాదన లేదని ఇద్దరూ ఒప్పుకోండి. మన ఇళ్లల్లో అమ్మలకి ఒక అలవాటుంది. నా వల్ల పిల్ల ప్రయాణం పాడవకూడదని తలనొప్పి మింగేస్తారు, గైడ్ అడిగితే బాగానే ఉన్నానంటారు. పిల్లలూ అంతే, అమ్మ కంగారు పడుతుందని చెప్పరు. దయచేసి ఆ కొండ మీద ఇద్దరూ ఇలా చేయకండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒకరినొకరు నాలుగు ప్రశ్నలు అడగండి: తలనొప్పి ఉందా, తిన్నావా, మూత్రం సరిగ్గా వస్తోందా, నిద్రపట్టిందా. నిజం చెప్పాలి. స్టెల్లా పాయింట్ దాకా వెళ్లి తిరిగొచ్చినవాళ్లకీ, కరాంగా నుంచి దిగినవాళ్లకీ కిలిమంజారో వాళ్ల కిలిమంజారోనే.

దసరా రోజులు వాతావరణానికి బాగానే కుదురుతాయి. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా అక్కడ పొడి కాలం, నవంబరులో చిన్న వానలు మొదలవుతాయి. ఏడు రోజుల ఎక్కుడికి ముందు మోషీలో రెండు రాత్రులు, తర్వాత ఒకటి, విమానాలకి రెండు రోజులు కలుపుకుంటే పన్నెండు రోజులు. సెలవులకి ఒకటి రెండు సీఎల్స్ జోడించాల్సి రావచ్చు. సెలవులు చాలడం లేదని కొండ మీద రోజు మాత్రం తగ్గించకండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి, ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరుగుతుందో మీకే బాగా తెలుసు, వేసవిలోనే పెట్టేయండి. టాంజానియా వీసా ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గరుండాలి, తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మోషీలో దోమలుంటాయి, మలేరియా మాత్రల గురించి కూడా అదే డాక్టర్‌ని అడిగేయండి.

మీ వారికీ, అమ్మగారికీ ధైర్యం చెప్పడానికి మాటలకంటే కాగితం మేలు. ఏ రోజు ఏ క్యాంపులో, ఎంత ఎత్తులో ఉంటారో తేదీలతో రాసి ఫ్రిజ్ మీద అతికించండి. కొండ మీద సిగ్నల్ కొన్నిచోట్ల వస్తుంది, కొన్నిచోట్ల రాదు. ఫోన్ రాకపోతే ఏదో అయిందని అర్థం కాదని ముందే చెప్పండి. మోషీలో కంపెనీ ఆఫీసు నంబరు, ఇన్సూరెన్స్ వాళ్ల ఎమర్జెన్సీ నంబరు, పాలసీ నంబరు మీ వారి ఫోన్లోనూ, కాగితం మీదా ఉండాలి. రోజూ సాయంత్రం కొండ మీది గైడ్‌తో మాట్లాడి మీ సమాచారం ఆయనకి మెసేజ్ పెట్టమని ఆ ఆఫీసుని బుక్ చేసేటప్పుడే అడగండి, మంచి కంపెనీలు ఒప్పుకుంటాయి.